గైనిక్ పీజీ చేస్తున్న మా అమ్మాయి సైకియాట్రిస్టుకి చూపించుకుంటే రిజిస్ట్రేషన్ పోతుందా?

కూర్మన్నపాలెం రిటైర్డ్

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. ఇక్కడ డాక్టర్లు చాలామంది రాస్తుంటారని అడుగుతున్నాను. కాలేజీ పేరు చెప్పను, దయచేసి అడగొద్దు.

మా అమ్మాయి వైజాగ్‌లోనే ఎమ్మెస్ గైనిక్, సెకండియర్. చిన్నప్పట్నించీ గట్టి పిల్ల. ఒక్క మాట ఎక్కువంటే తిరిగి రెండు అనే రకం. ఈమధ్య మనిషి మనిషిలా లేదు.

జరిగింది ఇదీ. ఏజెన్సీ నుంచి ఒక బాలింతని రాత్రిపూట 108లో తెచ్చారట. పాడేరు ఘాట్ దిగి వచ్చేసరికే ఆ తల్లి ఒంట్లో రక్తం లేదట. తెల్లారేలోపు పోయింది. ఆ రాత్రి లేబర్ రూములో ఉన్నది మా అమ్మాయి. కేస్ షీట్ రాసింది తనే, బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తింది తనే, బయట చంటిపిల్లని పట్టుకుని కూర్చున్న భర్తకి చెప్పింది కూడా తనే. పొద్దున్న రౌండ్స్‌లో హౌస్ సర్జన్లు, సిస్టర్లు అందరూ చూస్తుండగా నిలబెట్టి "నువ్వు ఈ బ్రాంచికి పనికిరావు" అన్నారట. ఆ మాట పడి, మళ్లీ ఓపీలో కూర్చుని, సాయంత్రం హాస్టల్‌కి పోయింది.

అప్పట్నించి ఇంటికొచ్చినా తిండి లేదు. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడుతుంది. నిద్రలో లేచి కూర్చుని "క్రాస్ మ్యాచ్ అయిందా? బ్యాగ్ ఏదీ?" అంటుంది. వాళ్లమ్మ "ఏటయిందే గుంటా" అని భుజం తడితే ఏమీ లేదని గోడవైపు తిరిగి పడుకుంటుంది. వారం కింద బండి మీద హాస్టల్ దగ్గర దింపడానికి తీసుకెళ్తుంటే బీచ్ రోడ్డులో ఆపమంది. దిగి, మామూలు గొంతుతోనే, "నాన్నా, రాత్రి పడుకుంటే పొద్దున్న మెలకువ రాకపోతే బాగుణ్ణు అనిపిస్తోంది" అంది. ఏడవలేదు కూడా. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

డాక్టరుకి చూపించుకుందాం రామ్మా అంటే ససేమిరా అంటోంది. సైకియాట్రీ వాళ్లంతా తన కాలేజీవాళ్లే, రోజూ క్యాంటీన్‌లో ఎదురుపడేవాళ్లే అంటుంది. మందులు వాడినట్టు ఎక్కడైనా రికార్డుకెక్కితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తీసేస్తుందంటుంది. పెళ్లి సంబంధాల మాట కూడా ఎత్తింది గానీ దాని సంగతి నేను చూసుకుంటాను, పిల్ల బతికుంటే సంబంధాలు అవే వస్తాయి. మిగతావి నిజమేనా?

ఇంకో మాట కూడా మనసులో ఉంది. ప్లాంట్‌లో మాకు ఏ, బీ, సీ షిఫ్టులు. సీ షిఫ్టు దిగినవాణ్ణి అదే పొద్దున్న మళ్లీ క్రేన్ ఎక్కిస్తే సేఫ్టీవాళ్లు ఊరుకోరు. ఏదైనా వెంట్రుకవాసిలో తప్పిపోతే నియర్ మిస్ అని కాగితం మీద పెట్టి, ఎవడి వల్ల అని కాదు, ఎందుకు అని అడుగుతారు. మా అమ్మాయి శనివారం పొద్దున్న డ్యూటీ ఎక్కితే ఆదివారం సాయంత్రం దిగుతుంది. ఇనుము దగ్గర పెట్టిన జాగ్రత్త మనిషి ప్రాణం దగ్గర ఎందుకు పెట్టరో నాకైతే బోధపడలేదు.

కాలేజీకి తెలియకుండా ఎక్కడ చూపించాలి? నేనే వెళ్లి డిపార్ట్‌మెంట్ హెడ్‌ని, అదే హెచ్‌వోడీని, అడిగేయనా? సీటు వదిలేస్తే బాండ్ డబ్బు కట్టాలంటున్నారు, నిజమా?

వాల్తేరు సైకియాట్రీ

సార్, రిజిస్ట్రేషన్ సంగతి కిందకి వస్తాను. ముందు ఈ రాత్రి సంగతి.

ఆ మాటని అలసటలో అన్నదిలే అని వదిలేయకండి. అలాగని మీరే ఏదేదో ఊహించుకోకండి. ఆమెనే అడగండి, డొంకతిరుగుడు లేకుండా: "అమ్మా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నంత దాకా వెళ్లావా?" ఇలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అందరికీ భయం. అలా జరగదని పరిశోధనల్లో తేలింది, నా గదిలోనూ రోజూ చూస్తాను. చాలామంది ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండని ఎదురుచూస్తూ ఉంటారు.

"అవును, అంతదాకా ఆలోచించాను" అంటే ఆ రాత్రి ఒంటరిగా ఉండనివ్వొద్దు. అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, సైకియాట్రీ ఉన్న ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకైనా సరే వెంటనే తీసుకెళ్లండి. "అంత లేదు, బతకాలన్న ఆసక్తి పోయింది" అంటే రెండు మూడు రోజుల్లో ఎవరికైనా చూపించాలి. నెలాఖరు దాకా, ఇంటర్నల్స్ అయ్యేదాకా అని వాయిదాలు వద్దు. ఏ వేళలోనైనా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయే చేయాలని లేదు, ఏం చేయాలో తోచకపోతే మీరు చేసినా చెబుతారు.

డాక్టర్ల ఇళ్లలో, గదుల్లో మందులు మిగిలి ఉంటాయి. ఇంట్లోవీ హాస్టల్ గదిలోవీ కొన్నాళ్లపాటు మీ దగ్గర పెట్టుకోండి. ఆమెకి చెప్పే తీసుకోండి. చాటుగా తీస్తే మీ మీద నమ్మకం పోతుంది, ఇప్పుడు ఆమెకి ఉన్న పెద్ద ఆసరా మీరే.

ఇక రిజిస్ట్రేషన్. డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నందుకు డాక్టరు రిజిస్ట్రేషన్ తీసేసే నిబంధన మన దేశంలో లేదు. ఈ భయం కొంత అమెరికా నుంచి దిగుమతి అయింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దరఖాస్తులో మానసిక చికిత్స గురించి అడిగేవారు. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదటి అలలో, న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టరు లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నారు. చికిత్స తీసుకుంటే వృత్తి పోతుందని ఆమె భయపడ్డారని కుటుంబం బయటికొచ్చి చెప్పింది. 2022 మార్చిలో ఆమె పేరు మీదే వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం అక్కడ చట్టం వచ్చింది, ఆ ప్రశ్నలు తీసేయాలన్న ఉద్యమం కూడా ఊపందుకుంది. బ్రిటన్‌లో అయితే 2008 నుంచే డాక్టర్ల కోసం గోప్యంగా చూసే ప్రత్యేక సేవ నడుస్తోంది. మన దగ్గర దేశమంతా అలా నడిచే సేవ నాకు తెలిసి లేదు, కానీ చట్టం ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేషెంటు వివరాలు బయటపెట్టకూడదు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ గోప్యత మీకూ వర్తిస్తుంది సార్. ఆమె మేజరు. వెంట రండి, బయట కూర్చోండి, లోపల ఏం మాట్లాడిందో నన్ను అడిగినా చెప్పను.

సొంత కాలేజీలో చూపించుకోనని ఆమె అనడం న్యాయమే. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా బయట సైకియాట్రిస్టులు బోలెడుమంది ఉన్నారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ ఉంది. అక్కడా తెలిసినవాళ్లు ఉంటారనుకుంటే హైదరాబాదో విజయవాడో వీడియోలో చూపించుకోవచ్చు, 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు దానికి వీలిచ్చాయి. మాలో చాలామంది సాటి డాక్టర్లకి ఓపీ అయిపోయాక ఆఖరి స్లాట్ ఇస్తాం, బయట ఎవరూ ఉండరు.

ఒక్కటి కనుక్కోండి: సొంతంగా ఏవైనా మాత్రలు మొదలుపెట్టిందా? మా దగ్గరికొచ్చే డాక్టర్లలో ఎక్కువమంది అప్పటికే నిద్రమాత్రో ఇంకోటో తమకి తామే రాసుకుని ఉంటారు. మొదలుపెట్టి ఉంటే తిట్టొద్దు, వచ్చేటప్పుడు ఆ స్ట్రిప్పు పట్టుకురమ్మనండి.

సీనియర్ సర్జన్

అందరూ కలిసి పిల్లలని సుకుమారం చేస్తున్నారు. ఎనభైల్లో మేం పీజీ చేసినప్పుడు రెండేసి రోజులు నిద్ర లేదు, చీఫ్ ఇన్‌స్ట్రుమెంట్ విసిరేవాడు. ఎవరం పిచ్చెక్కిపోలేదు. పేషెంటు పోతే బాధపడాలి, బాధపడితేనే డాక్టరు. దానికి సైకియాట్రిస్టు ఎందుకు?

మెడిసిన్ థర్డ్ ఇయర్

సార్, మీ బ్యాచ్‌లో ఎవరికీ ఏమీ కాలేదని ఎలా తెలుసు? చెప్పుకునే వీలు లేనప్పుడు ఎవరూ చెప్పుకోరు. 2024లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) టాస్క్‌ఫోర్స్ నివేదిక ఇచ్చింది. ఐదు వేల పైచిలుకు పీజీలు పేరు లేకుండా జవాబులిస్తే అందులో 31 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. సగానికి పైగా వారానికొక సెలవు కూడా దొరకట్లేదన్నారు. వీళ్లంతా సుకుమారులైతే నీట్ పీజీ దాకా ఎలా వచ్చారు?

అంకుల్, నా సంగతి చెబుతాను, అమ్మాయికి చూపించండి. మా ఓపీలో షుగర్ పేషెంట్లకి పీహెచ్‌క్యూ అని, డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపించే పని నాది. ఒక రాత్రి డ్యూటీ రూములో మిగిలిన ఫారం ఒకటి ఊరికే నాకోసం టిక్కులు పెట్టుకుంటూ పోయాను. నిద్ర, ఆకలి, అలసట, ఏకాగ్రత, అన్నీ ఆఖరి గడిలోనే. తొమ్మిదోది ‘చనిపోతే బాగుండుననిపించడం’. అక్కడ పెన్ను ఆగిపోయింది. పేషెంట్లని ఆ ప్రశ్న ఎంత తేలిగ్గా అడిగి పక్క పేజీ తిప్పేస్తానో అప్పుడు తెలిసింది. ఫారం మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకున్నాను. మర్నాడు మా కో పీజీ గ్లౌజుల కోసం నా జేబులో చెయ్యి పెట్టి అది బయటికి తీశాడు. వాడే నన్ను బండెక్కించి తీసుకెళ్లాడు. సొంతంగా వెళ్లేవాణ్ణి మాత్రం కాదు.

మందు వేసుకున్న మొదటి వారం వికారం తప్ప ఏమీ తెలియలేదు. ఇది పనిచేయదు అని మానేయబోయాను. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని నేనే రోజూ పేషెంట్లకి చెబుతుంటాను, నా దగ్గరికొచ్చేసరికి ఆ చదువు ఏమైపోయిందో! మూడో వారంలో ఒకరోజు జగదాంబ దగ్గర పునుగులు తింటుంటే రుచి తెలిసింది. సెలవు తీసుకున్నాను, హాజరు 80 శాతం ఉండాలి కనుక లెక్క చూసుకుని తీసుకున్నాను. యూనిట్‌లో నలుగురు నాలుగు మాటలు అనుకున్నారు. కొన్నాళ్లకి వాళ్లలో ఇద్దరు విడివిడిగా వచ్చి "ఆ డాక్టరు నంబరు ఇస్తావా" అని అడిగారు.

బొబ్బిలి గైనిక్

నేను ముప్పై ఏళ్లుగా ప్రసవాలు చేస్తున్నదాన్ని. అన్నయ్యగారూ, ఈ కింది మాటలు మీ అమ్మాయికి నా మాటగా చదివి వినిపించండి.

తల్లీ, ఏజెన్సీ నుంచి వచ్చిన ఆ బాలింత నీ చేతిలోకి వచ్చేసరికే సగం కథ అయిపోయింది. తల్లి మరణం జరిగితే దాని వెనక ఆలస్యాలు మూడు చోట్ల వెతకాలని మనకి చదువులోనే చెబుతారు. ఇంట్లో కదలాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. నెలలు నిండేదాకా రక్తహీనత ఎందుకు సరిచేయలేదు? మొదట చూసినవాళ్లు ఎంతసేపు ఉంచుకున్నారు? బండి ఎప్పుడొచ్చింది? కింద రక్తం ముందే సిద్ధంగా పెట్టమని ఎవరైనా ఫోన్ చేశారా? ఇవేవీ నీ చేతిలో ఉన్నవి కావు. బ్లడ్ బ్యాంకుకి లేబర్ రూము డాక్టరు తానే పరిగెత్తాల్సి రావడం కూడా నీ తప్పు కాదు, అక్కడ ఒక మనిషి తక్కువున్నాడని అర్థం.

మాతృమరణ సమీక్ష అని కేంద్రం మార్గదర్శకాలే ఉన్నాయి. వాటి ఉద్దేశం ఎవరినో పట్టుకుని శిక్షించడం కాదని అందులోనే రాసుంది. నాన్నగారు చెప్పిన నియర్ మిస్ పద్ధతి మాకూ కాగితం మీద ఉందన్నమాట! రౌండ్స్‌లో అందరి ముందూ ఒక పిల్లని నిలబెట్టి కడిగేయడం సమీక్ష కాదు. సమీక్షకి పిలిస్తే వెళ్లు. టైముతో సహా నువ్వు రాసిన కేస్ షీట్ నీ పక్షాన మాట్లాడుతుంది.

అన్నయ్యగారూ, మీకో మాట. హెచ్‌వోడీ దగ్గరికి కోపం మీద మీరొక్కరే వెళ్లొద్దు. మీరు అరిచి వచ్చేస్తారు, మర్నాడు డ్యూటీకి వెళ్లాల్సింది ఆ పిల్ల. ఆమెకి నమ్మకమున్న మేడమ్ ఎవరైనా ఒకరుంటారు, అసిస్టెంట్ ప్రొఫెసరైనా సరే, ముందు ఆవిడతో మాట్లాడమనండి. సీటు వదిలేయాలన్న నిర్ణయం ఇప్పుడు వద్దు. మనసు ఇలా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాలు తర్వాత మనవి అనిపించవు. బాండ్ సంగతైతే, భారీ సీటు వదిలే బాండ్లు ఎత్తేయమని 2024 జనవరిలో ఎన్‌ఎంసీ రాష్ట్రాలకి రాసింది. మీకు ఏది వర్తిస్తుందో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూడండి. ముందు సెలవు.

కూర్మన్నపాలెం రిటైర్డ్

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

అడిగేశాను. వాళ్లమ్మ వద్దంది, "అలాంటి మాట నోటితో అనకూడదు" అని. నేను డాబా మీదకి తీసుకెళ్లి, వాల్తేరు డాక్టరుగారు రాసిన మాటలు రాసినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆలోచనలు వస్తున్నాయని, ఎలా అన్నదాకా వెళ్లలేదని, ముఖ్యంగా డ్యూటీ ముందు రాత్రి ఎక్కువని చెప్పింది. నిద్రకి ఏదో మాత్ర తనే రాసుకుని వేసుకుంటోందట. మీరు ముందే చెప్పబట్టి నేను గయ్‌మనలేదు. స్ట్రిప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. 14416 గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టాను, వాళ్లమ్మ ఫోన్‌లో కూడా వేశాను.

బొబ్బిలి మేడమ్ గారి ఉత్తరం తనే నా ఫోన్ లాక్కుని చదువుకుంది. మూడు ఆలస్యాల దగ్గర "ఇది నేనే పరీక్షలో రాశాను నాన్నా" అని ఏడ్చింది. ఇన్నాళ్లకి ఏడవడం అదే మొదలు. మెడిసిన్ బాబు రాసింది కూడా చదివి, వీడియోలో అయితే మాట్లాడతానంది. హైదరాబాదులో ఒక లేడీ డాక్టరు దగ్గర ఎల్లుండి సాయంత్రానికి టైము దొరికింది. నేను పక్కగదిలో ఉంటాను, టీవీ పెద్దగా పెట్టుకుని.

ఇప్పుడు సెలవు చిక్కు వచ్చింది. నేను లేకపోతే నా కో పీజీల మీద పడుతుంది, వాళ్లు కూడా చచ్చేలా ఉన్నారు, ఎలా అడగను అంటోంది. సెలవు చీటీలో జబ్బు పేరు రాయాలా?

సీనియర్ సర్జన్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ప్లాంట్‌లో కూడా హెల్మెట్ లేకుండా పనిచేశాం అని చెప్పుకునే పాతవాళ్లు ఉండేవారు. ఆ మాట చెప్పడానికి మిగిలినవాళ్లే చెప్పేవారు.

వాల్తేరు సైకియాట్రీ

బాగా చేశారు సార్. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపేయనివ్వొద్దు. కొన్ని ఒక్కసారిగా ఆపకూడదు, ఎల్లుండి ఆ డాక్టరుగారికి చూపించి ఆవిడ చెప్పినట్టు చేయమనండి. అప్పటిదాకా స్ట్రిప్పు మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. సర్టిఫికెట్‌లో నేనైతే ‘అనారోగ్యం, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం’ అని మాత్రమే రాస్తాను. ఆవిడనీ అలాగే అడగండి. తిరిగి చేరాక కూడా మొదట్లో రాత్రి డ్యూటీలు ఒంటరిగా పడకుండా చూసుకోవాలి. ఈ రెండు రోజుల్లో పరిస్థితి మారితే ఎల్లుండి దాకా ఆగొద్దు, పైన రాసినట్టు క్యాజువాలిటీకే.

మెడిసిన్ థర్డ్ ఇయర్

కో పీజీల సంగతి: సణుగుతారు. సణగనివ్వండి. నా డ్యూటీలు పంచుకున్నవాళ్లకి తర్వాత నేను రెండు పండగల డ్యూటీలు చేసిపెట్టాను, చెల్లుకి చెల్లు. 2023 పీజీ నిబంధనల్లో ఏడాదికి 20 రోజుల సెలవు, పని ఒత్తిడిని బట్టి వారానికొక రోజు సెలవు ఉన్నాయి. అది అడుక్కునేది కాదు. టాస్క్‌ఫోర్స్ కూడా వారానికి 74 గంటలు మించొద్దంది. అంతెందుకు, 1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్లకి ఒకేసారి మామూలుగా 12 గంటలకి మించి డ్యూటీ వేయొద్దని చెప్పింది. నేను పుట్టకముందు సంగతి అది!

కూర్మన్నపాలెం రిటైర్డ్

తమ్ముడూ, ఆ 1992 ఉత్తర్వు కాపీ ఉంటే ఇక్కడ పెట్టగలవా? హెచ్‌వోడీ దగ్గరికి ఇప్పుడు వెళ్లనులే, మేడమ్ గారికి మాటిచ్చినట్టే. ముందు పిల్ల కోలుకోవాలి. కానీ ఆ శనివారం నుంచి ఆదివారం దాకా డ్యూటీ సంగతి నేను వదిలేది లేదు. ఆ హాస్టల్‌లో ఉన్న మిగతా పిల్లల తల్లిదండ్రులు కొందరు నాకు తెలుసు. యూనియన్‌లో తిరిగినవాణ్ణి, చేతిలో కాగితం లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు.